ఆరో గీత

దువ్వెన సారు పోయారని నాకు పళ్ళ డాక్టరు దగ్గర తెలిసింది. పక్క కుర్చీలో దవడ పట్టుకుని కూర్చున్న పెద్దమనిషి నన్ను కాసేపు ఎగాదిగా చూసి, మీరు మా యూనివర్సిటీలో జియాలజీ చదివారు కదమ్మా అన్నాడు. ఆయన అప్పట్లో మా డిపార్ట్‌మెంటు ఆఫీసులో టైపిస్టు. వాళ్ళ సంగతీ వీళ్ళ సంగతీ చెప్పుకొచ్చి చివర్లో, "దువ్వెన సారు గూడ పోయిండు గద, పోయిన నెలల. నీకు ఎవ్వరు చెప్పలేదా?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినంత దగ్గరిదాన్నని ఎవరికీ తెలియదు మరి. ఇంతలో నన్ను లోపలికి పిలిచారు. డాక్టరు నోరు తెరవమన్నాడు. నోరు తెరుచుకుని ఏడవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. నొప్పిగా ఉందా అని ఆయన అడిగితే తల ఊపాను.

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. ఇక్కడ రాయను. ఆయన బతికుండగా ఆ పేరు ఏ పుస్తకంలోనూ అచ్చు కాకుండా చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు రాసి ఉద్ధరించేదేమీ లేదు.

దువ్వెన సారు అన్నది మేం పెట్టిన పేరు. నడినెత్తి మీద పట్టుమని పది వెంట్రుకలు లేని మనిషికి చొక్కా జేబులో ఎప్పుడూ ఒక నల్ల దువ్వెన ఉండేది. మొదటి క్లాసులో దాన్ని బయటకు తీయగానే వెనక బెంచీల నుంచి కిసుక్కుమని నవ్వు. ఆయన పట్టించుకోలేదు. దువ్వెనను నిలువుగా పట్టుకుని పళ్ళ మీద గోటితో పైనుంచి కిందికి గీశారు. సముద్రంలో ఒక జీవి ఉంటుందట. దువ్వెన జెల్లీ అంటారు. ఒంటి మీద నిలువుగా ఎనిమిది వరుసలు, ప్రతి వరుసలో దువ్వెన పళ్ళలాంటి సన్నని కేశాలు. వాటిని ఆడిస్తూ ఈదుతుందట. "ఎనిమిదే. ఏడు గాదు, తొమ్మిది గాదు" అన్నారు. ఎముక లేదు, గుల్ల లేదు, ఒళ్ళంతా నీళ్ళే. "నీళ్ళల్ల నీళ్ళ లెక్క ఉంటది. మరి గది సచ్చిపోతే ఏం మిగుల్తది?" అని అడిగి, మేం తెల్లమొహాలు వేస్తే ఆయనే జవాబు చెప్పారు. ఏమీ మిగలదట. ఎప్పుడో ఒకసారి, బురద మెత్తగా ఉండి, కెరటం నెమ్మదిగా ఉండి, మీద వెంటనే ఇంకో పొర బురద పడితే, అచ్చు మిగులుతుందట. ఆ ఒక్కసారి కోసం చూసుకుంటూ కూర్చోవాలట.

ఆయన అలాగే కూర్చున్నారు, పదిహేనేళ్ళు. ఉద్యోగం డిమాన్‌స్ట్రేటరు, మ్యూజియం తాళాలు కూడా ఆయన దగ్గరే. ఆయనకంటే వెనక చేరినవాళ్ళు లెక్చరర్లయి, రీడర్లయి, ఆయన్ని "ఏమయ్యా" అని పిలిచే స్థాయికి ఎదిగారు. వరంగల్ వైపు ఒక రైతు కుటుంబంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన మనిషి. తార్నాకలో ఒక పెంకుటింటి వెనక పోర్షనులో భార్యతో ఉండేవారు. పొద్దున్నే అక్కణ్ణుంచి క్యాంపస్ దాకా నడక. తల వంచుకునే నడిచేవారు. అది వినయమని కొత్తవాళ్ళు అనుకునేవారు. ఆయన చూసేది నేలని. హైదరాబాదులో అప్పట్లో ఏ ఇంట్లో చూసినా షాబాద్ బండలే కదా. ఎవరింటికి పిలిచినా గడప దాటగానే ముందు బండలను పలకరించి తర్వాత మనుషులను పలకరించేవారు. ఒక సహోద్యోగి కూతురి పెళ్ళిలో భోజనాల హాలు మూల ఒక బండ మీద పాతకాలపు కెరటాల గుర్తులు కనిపించాయని అక్కడే గొంతుక్కూర్చున్నారట. వడ్డించేవాళ్ళు పాపం ఆయన ముందు నేల మీదే విస్తరి వేసి వెళ్ళారు.

మ్యూజియంలో ఆయన బల్లకు నాలుగు సొరుగులు. మొక్క, జంతువు, ఏదీ కాదు అని మూడింటి మీద చీటీలుండేవి. నాలుగో దాని మీద "ఇంకా తెల్వదు" అని తెలుగులో రాసి అంటించారు. మిగతా మూడింటికంటే అదే నిండుగా ఉండేది. నేనొకసారి ఒక రాతి ముక్కను చూడగానే ఇది నాచు సార్ అని గడగడా చెప్పేస్తే, ముక్క నా చేతిలోంచి తీసుకుని, "జల్దీ పేరు పెట్టకు బిడ్డా. పేరు పెట్టినంక కండ్లు చూసుడు బంద్ చేస్తయి" అన్నారు. ఆ మాటను నేను తర్వాత ఎంత నీచంగా వాడుకున్నానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

సముద్ర జీవి కోసం తపించిపోయే ఈ మనిషి సముద్రం చూడలేదు. మాది బందరు వైపు అని తెలిసిన రోజున నా దశ తిరిగింది. చిన్నప్పుడు సెలవులకు అక్కడికి వెళ్ళినప్పుడు ఇసుకలో ఒకసారి పారదర్శకంగా, గంజి ముద్దలా ఉన్నదాన్ని కాలితో తన్నానని ఏదో మాటల్లో చెప్పాను. ఆయన స్టూలు దగ్గరికి జరుపుకుని నాలుగుసార్లు చెప్పించుకున్నారు. ఎంత లావుంది, ఎండ పడితే మెరిసిందా, గీతలున్నాయా, తన్నితే ముక్కలైందా, జారిందా. నాకు అప్పుడు ఆరేళ్ళు, ఏం గుర్తుంటుంది? గీతలు చూడలేదు సార్ అన్నాను. చూడనిది చూడలేదని చెప్పినందుకు ఆయనకు ఎంత సంతోషమో! మంచి కళ్ళు నీవి అని మెచ్చుకున్నారు.

నేను ఎమ్మెస్సీలో ఉన్నప్పుడే, అరవై ఎనిమిది వేసవిలో మా నాన్న తార్నాకలో ఇల్లు మొదలుపెట్టారు. నాన్న రైల్వేలో గార్డు. లాలాగూడ క్వార్టర్సులో ఇరవై ఏళ్ళుండి, రిటైరయ్యేలోగా సొంత గోడలు చూసుకోవాలని ఆయన పట్టు. ఒక మధ్యాహ్నం నాన్నకు క్యారియరు తీసుకుని వెళ్తే, నీళ్ళ డ్రమ్ము వెనక మా సారు మోకాళ్ళ మీద వంగి ఉన్నారు. బాలయ్య మేస్త్రి ఆయనకు ఒళ్ళు బాగా లేదనుకుని చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మచ్చ ఉందని మేస్త్రి పక్కన పడేసిన బండ అది. డ్రమ్ము కింద ఎత్తు కోసం పెట్టాడు. బండ మీద కోడిగుడ్డును నొక్కి చదును చేసినట్టు ఒక అచ్చు. ఒక కొస నుంచి బయల్దేరి, పొట్ట దగ్గర విచ్చుకుని, రెండో కొసన కలుసుకునే అయిదు గీతలు. భూతద్దంలోంచి చూస్తే ప్రతి గీతకూ అడ్డంగా సన్నని పళ్ళు. సారు బండను రిక్షా సీటు మీద కూర్చోబెట్టి, తాను పక్కన నడుచుకుంటూ డిపార్ట్‌మెంటుకు తీసుకెళ్ళారు. బరువు ఎక్కువైతే రిక్షా కుదుపుతుందట.

అయిదు గీతలు. కావలసినవి ఎనిమిది. ఆ గొడవ కొంచెం చెప్పాలి. షాబాద్ బండలు గనిలో పొరలు పొరలుగా లేస్తాయి. ఒక బండ కింది ముఖమూ దాని అడుగునున్న బండ పై ముఖమూ అతుక్కుని పుట్టినవి. రెండింటి మధ్య ఏదైనా చిక్కుకుంటే దీని మీద కొంత, దాని మీద కొంత అచ్చు పడుతుంది. మిగిలిన మూడు గీతలు ఆ జోడు బండ మీద ఉండాలి. ఆ రాళ్ళు పుట్టిన నాటికి జంతువులే లేవని మా పుస్తకాలు చెప్పేవి. అందుకని మా హెడ్డుగారు ఆ రాయిని చూసి నవ్వారు. పరాయి దేశంలో ఒక పెద్దాయనకు సారు ఫోటోలు పంపితే, ఎండిన బురద కూడా అయిదు గీతలు గీయగలదు, రెండో సగం చూపించండి అని మర్యాదగా జవాబొచ్చింది. సారు థీసిస్ గడువు అప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఆ గడువు వచ్చే జూన్‌తో సరి. రెండో సగం దొరికితే ఆ రాయికి జీవుల జాబితాలో చోటు, ఈయనకు డాక్టరేటు. దొరక్కపోతే రెండూ లేవు.

అది దొరికింది, మా గృహప్రవేశం రోజున. అరటిపళ్ళ సంచీతో వచ్చిన సారు అలవాటు ప్రకారం నేల చూసుకుంటూ లోపలికి నడిచి దేవుడి గది గుమ్మం దగ్గర ఆగిపోయారు. డ్రమ్ము కింది బండలో అడ్డంగా ఒక తెల్లటి చార ఉండేది, చివర కొక్కెంలా వంపు తిరిగి. అదే చార, అదే వంపు దేవుడి గదిలో రెండో బండలోనూ ఉంది. జోడు బండ అదే. మచ్చ ఉన్న ముఖం కిందికి పోయేలా వేశాడు మేస్త్రి. ఎవరైనా అలాగే వేస్తారు. ఆ పూట సారు ఏం తిన్నారో ఆయనకే తెలియదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం వచ్చేవారు. దేవుడి గదికి ఎదురుగా కూర్చునేవారు, టీ తాగేవారు, వెళ్ళిపోయేవారు. మా అమ్మ ఆయన భక్తికి కరిగిపోయి, మాష్టారూ మీరు కూడా హారతి తీసుకోండి అని పళ్ళెం అందించేది. ఆయన కళ్ళకద్దుకునేవారు. అసలు సంగతి నేను మ్యూజియంలో నిలదీసి చెప్పించాను. మరి అడగొచ్చు కదా సార్ అంటే, "దీపం పెట్టిన ఇంట్ల నేల తవ్వుమని ఎట్ల అడుగుతా బిడ్డా?" అన్నారు. అమ్మకు చెప్పాను. ఇన్నాళ్ళూ ఆయన చూసింది బండనా అని ఆ రోజంతా ముఖం మాడ్చుకుంది. మర్నాడు నాన్నతో, అడగలేదు కాబట్టి ఇద్దామండీ, అడిగుంటే ఇచ్చేదాన్ని కాదు అంది.

ఈలోగా అరవై తొమ్మిది వచ్చింది. తెలంగాణ ఉద్యమం, యూనివర్సిటీ మూత, బస్సులు బంద్. మేస్త్రి ఊరికి వెళ్ళిపోయాడు. మేం ఆంధ్రావాళ్ళం, కొత్త ఇల్లు, కొత్త వీధి. అమ్మ కిటికీలు తీసేది కాదు. సారు ఆదివారాలు మానలేదు సరికదా, ఇప్పుడు లోపల కూర్చోకుండా వరండాలో కుర్చీ వేయించుకుని, వీధికి కనపడేలా పేపరు చదివేవారు. వెళ్ళేటప్పుడు పక్కింటివాళ్ళకు వినపడేలా, పోయొస్తనమ్మా, మల్ల వస్త అనేవారు. మా వీధిలో మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అనేవారు కారేమో కూడా. కానీ ఆయన కూర్చున్నారు.

మేలో మేస్త్రి తిరిగొచ్చాడు. అమ్మ పటాలన్నీ వంటింట్లోకి మార్చి, బండకు బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకుంది. బాలయ్య గడ్డపారతో అంచు లేపి, నాన్నతో కలిసి బండను తిరగేసి గోడకు ఆనించాడు. సారు కుంచెతో, నీళ్ళతో సున్నం కడగడం మొదలుపెట్టారు. రెండు దోసిళ్ళ నీళ్ళు పోసేసరికే నాకు అర్థమైంది. కుంచె మాత్రం ఆగలేదు. బండంతా అడ్డదిడ్డంగా ఉలి గాట్లు.

బాలయ్య గర్వంగా, "నేనే కొట్టిన సారు. గాట్లు వెడ్తెనే సున్నం పట్టుకుంటది. లేకుంటే బండ లేస్తది" అన్నాడు. నిజమే, మంచి మేస్త్రి ఎవడైనా అలాగే చేస్తాడు. సారు కుంచె పక్కన పెట్టి, అతని మొహంలోకి చూసి, "మంచిగ కొట్టినవ్ బాలయ్యా" అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. ఉండుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

అప్పుడు నేనే చూశాను. కింది మూలన, రెండు గాట్ల మధ్య, వేలెడంత జాగాలో ఒక గీత. తడి మీద స్పష్టంగా, వంపు తిరిగి, అడ్డంగా సన్నని పళ్ళతో. సార్ ఇక్కడ అన్నాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. మొదటి రాయి మీద ఏ గీత పక్కన ఇది వస్తుందో వేలితో గాలిలో కొలిచారు. ఆరోది అన్నారు. నీకు కనవడుతున్నదా, నిజం చెప్పు అని నన్నడిగారు. కనపడుతోంది సార్, పళ్ళు కూడా అన్నాను. అప్పటికప్పుడు నోటుబుక్కులో బొమ్మ గీసి, కింద సంతకం పెట్టారు. నన్ను కూడా పెట్టమంటే, రాయి డిపార్ట్‌మెంటుకు చేరాక అక్కడ పెడతాను సార్ అన్నాను. ఎందుకన్నానో అప్పుడు నాకే తెలియదు. ఇప్పుడు తెలుసు.

ఉలి దెబ్బలకు ఆ పెచ్చు ముందే వదులైనట్టుంది. బండకు గుడ్డ చుట్టి రిక్షాలో తీసుకెళ్ళాం, డిపార్ట్‌మెంటు చేరేసరికి అది రాలిపోయింది. గుడ్డ విప్పితే ఇసుకలాంటి పొడి, చిన్న చిన్న ముక్కలు. సారు వాటిని ఒక్కొక్కటీ భూతద్దం కింద పెట్టి చూశారు. దేని మీదా ఏమీ లేదు. ఇక మిగిలింది నోటుబుక్కులో బొమ్మ, ఇద్దరు మనుషుల చూపు.

హెడ్డుగారు దుర్మార్గుడేమీ కాదు. రెండు రాళ్ళూ చూసి, ఇవి ఉలి గాట్లు కదయ్యా, మొదటి దాని మీదవీ ఎవడో కొట్టినవి కావని నేనెలా నమ్మను అన్నారు. అయినా ఒక దారి చూపించారు. చూసిన ఇద్దరూ బొమ్మ కింద సంతకం చేస్తే, ఆ కాగితం జతపరచి గడువు పొడిగించమని తాను రాస్తానన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. రీసెర్చి స్కాలర్‌షిప్పుకు ఆ ఏడు ఒక్కటే సీటు, జాబితా ఆయన బల్ల మీదే ఉంది, అందులో మొదటి పేరు నాది. ఆయన బెదిరించలేదు. "చూడమ్మాయీ, నీ పేరు కూడా ఈ రాయికి అంటుకుంటుంది. రేపు నలుగురూ నవ్వితే నిన్ను కూడా చూసి నవ్వుతారు. బాగా ఆలోచించుకుని చెప్పు. చూశావా?" అన్నారు.

సారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. నాకు ఏ సైగా చేయలేదు. నేను ఆయన దగ్గర నేర్చుకున్న మాటలే వాడాను. అంత తొందరగా పేరు పెట్టడం సరికాదేమో సార్, తడి మీద ఏదైనా గీతలా కనపడుతుంది కదా అన్నాను. అది కాదు, చూశావా లేదా అని రెట్టించారు హెడ్డుగారు.

లేదు సార్ అన్నాను.

సారు నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నారు. బయటకు వచ్చాక, దేవుని గదిలో గుంత ఉండొద్దని ఆ పూటే బండను వెనక్కి తెచ్చి, బాలయ్యతో దగ్గరుండి మళ్ళీ వేయించారు. అమ్మ పెట్టిన టీ తాగారు. ఆ తర్వాత ఆదివారాలు రాలేదు. మాష్టారికి మనమేం తక్కువ చేశామే అని అమ్మ నన్ను ఎన్నిసార్లు అడిగిందో! మనమేం చేశామమ్మా, బండ కూడా లేపి ఇచ్చాం కదా అనేదాన్ని.

జూన్ దాటిపోయింది. క్లాసులు మళ్ళీ మొదలయ్యాయి. స్కాలర్‌షిప్పు నాకొచ్చింది. హెడ్డుగారు చెప్పినట్టు సారు మొదటి రాయిని "ఏదీ కాదు" సొరుగు లెక్కలో చేర్చి, రిజిస్టరులో ఉలి గాట్లు అని తన చేత్తోనే రాశారు. నేను ఆ గది ముందు నుంచి వెళ్ళడం మానేసి వెనక మెట్లు వాడటం మొదలుపెట్టాను.

ఆ డిసెంబరులో ఒక సాయంత్రం తార్నాక బస్టాపులో ఎదురుపడ్డాం. తప్పుకోవడానికి వీల్లేదు, ఆయన అప్పటికే నన్ను చూశారు. చిక్కిపోయారు. మెట్టుగూడలో కళ్ళ డాక్టరు దగ్గరికి పోతున్నానన్నారు. ఇంట్లో అందరినీ పేరుపేరునా అడిగారు. బస్సు ఎంతకీ రాలేదు. అప్పుడు నెమ్మదిగా మొదలుపెట్టారు.

"ఒక్క మాట అడగాలె బిడ్డా. పరేషాన్ కాకు. గా దినం మీ ఇంట్ల నాకు నిజంగ కనవడ్డదా? లేకుంటే కావాలె కావాలె అనుకుంట నేనే చూస్కున్ననా? నీ కండ్లు మంచియి. మీ ఇంట్ల నా సంబురం చూసి ఉన్నదంటివేమో, హెడ్డు సారు ముంగట లేదంటివి. గప్పటి సంది నా చూపు మీద నాకే నమ్మకం లేదు. సొరుగులన్ని మల్ల తీసి చూస్తున్న. ఏది ఏందో ఏం తెలుస్తలేదు."

డాక్టరేటు పోయినందుకు ఏడుస్తారని ఎదురుచూశాను. తిడతారని ఎదురుచూశాను. దీనికి నేను సిద్ధంగా లేను. పదిహేనేళ్ళుగా ఆ మనిషికి ఉన్న ఆస్తి ఆ చూపొక్కటే. నేను దాన్ని కూడా తీసుకున్నాను.

బస్టాపులో అందరూ చూస్తుండగా ఆయన చేతులు పట్టుకున్నాను. ఉంది సార్, ఆరో గీత ఉంది, ముందు చూసింది నేనే కదా, పళ్ళు కూడా చూశాను, సీటు పోతుందని భయపడి అబద్ధం చెప్పాను అన్నాను. హెడ్డుగారి దగ్గరికి ఇప్పుడే పోదాం పదండి అని కూడా అన్నాను.

ఆయన నా మొహాన్ని చాలాసేపు చూశారు. తర్వాత నవ్వి, నా తల మీద చెయ్యి పెట్టారు. "నా మనసుకు మంచిగుండాలని చెప్తున్నవ్. మంచి పిల్లవు" అన్నారు.

ఒట్టు సార్ అన్నాను. బస్సొచ్చింది. ఎక్కేటప్పుడు కూడా, చదువు మంచిగ చేస్కో అని చెప్పి ఎక్కారు. ఆ తర్వాత ఆయన ఇంకో నలభై ఏళ్ళకు పైగా బతికారట. నేను రెండు ఉత్తరాలు రాశాను. రెండింటికీ ఆశీర్వాదాలతో జవాబొచ్చింది. గీత గురించి ఒక్క ముక్క లేదు.

ఆయన నన్ను క్షమించలేదు. క్షమించాలంటే ముందు నేను అబద్ధమాడానని ఆయన నమ్మాలి.